ఇంత పెద్ద విషయం మనకెందుకు తెలియలేదు?

యుద్ధకాలంలో ఎవరికీ తెలియకుండా సాహసం చేసినవాళ్ళ మీద తీసిన డాక్యుమెంటరీని నలుగురూ కలిసి చూసినప్పుడు, సినిమా అయిపోయి లైట్లు వెలగగానే ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. గొంతులో కొంచెం కోపం కూడా ఉంటుంది. "ఇంత పెద్ద విషయం మనకు ఇన్నాళ్ళూ ఎందుకు తెలియలేదు?" దానికి వేదిక మీది నుంచి వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: మర్చిపోయాం, చరిత్ర అంటే మనకు శ్రద్ధ లేదు. అందరూ తలూపుతారు. తప్పంతా తమదే అన్నట్టు ఇళ్ళకు వెళ్ళిపోతారు.

ఆ జవాబు నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మర్చిపోవాలంటే ముందు తెలిసి ఉండాలి కదా. చాలా కథల విషయంలో మనకు తెలిసే దారే లేకుండా పోయింది. ఒకచోట ప్రభుత్వం నోరు కట్టేసింది. ఒకచోట రికార్డుల్లో పేరే ఎక్కలేదు. ఇంకోచోట చేసిన పనిని సాహసమని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కొందరైతే చెప్పారు కూడా, వినేవాళ్ళే లేరు. చూసేవాళ్ళకు ఇవన్నీ ఒకటే కథలా అనిపిస్తాయి కానీ కావు. ఏ కథ ఏ కారణంతో మరుగున పడిందో తెలిస్తే తెర మీద చూస్తున్నదాన్ని ఎలా చూడాలో తెలుస్తుంది. సినిమా అయ్యాక ఆ హాల్లో చేయాల్సిన పని ఏమిటో కూడా తెలుస్తుంది.

అన్నిటికన్నా సులువుగా అర్థమయ్యేది రహస్యం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఎనిగ్మా అనే యంత్రంతో పంపే సంకేతాలను ఛేదించిన ఇంగ్లాండులోని బ్లెచ్లీ పార్క్‌లో వేలమంది పనిచేశారు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఏం చేస్తున్నామో బయట ఎవరికీ చెప్పబోమని అందరూ సంతకాలు పెట్టారు. ఆ విషయం బహిరంగంగా మాట్లాడుకోవడం మొదలైంది 1974లో. అంటే దాదాపు ముప్పై ఏళ్ళు. ఇరవయ్యేళ్ళ వయసులో అక్కడ పనిచేసిన అమ్మాయి పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, వాళ్ళకు పెళ్ళిళ్ళు చేసే వయసు వచ్చేదాకా నోరు మెదపలేదు. "యుద్ధంలో నువ్వేం చేశావు?" అని ఇంట్లో అడిగితే "గుమాస్తా పని" అనాల్సి వచ్చేది. చాలామంది తల్లిదండ్రులు కూతురు ఏం సాధించిందో తెలియకుండానే కన్నుమూశారు.

అమెరికాలోని నావహో తెగ యువకులది ఇంకా బాధ కలిగించే కథ. అమెరికా ఆదివాసీ పిల్లల్ని బోర్డింగ్ స్కూళ్ళలో పెట్టి సొంత భాష మాట్లాడితే శిక్షించిన రోజులవి. 1942లో అదే దేశపు మెరైన్ దళం ఆ భాష కోసమే 29 మంది నావహో యువకుల్ని తీసుకుంది. వాళ్ళు కూర్చుని ఒక సంకేత భాష అల్లారు. ట్యాంకును తాబేలు అన్నారు, చేతి గ్రెనేడును బంగాళాదుంప అన్నారు. జపాన్ సైన్యం దాన్ని ఛేదించలేకపోయింది. ఆ సంకేతం మళ్ళీ పనికొస్తుందేమోనని 1968 వరకు గుట్టుగా ఉంచారు. ఆ మొదటి 29 మందికి అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) చట్టం చేసి ఇచ్చే బంగారు పతకాలు అందించింది 2001లో. అప్పటికి వాళ్ళలో ఎక్కువమంది లేరు.

రహస్యం వల్ల దాగిన కథలకు ఒక మంచి లక్షణం ఉంది. కాగితాలు ఉంటాయి. ప్రభుత్వం దాచిందంటే ఎక్కడో ఫైలు భద్రంగా ఉన్నట్టే, తాళం తీస్తే ఆధారం చేతికి వస్తుంది. అమెరికా సైన్యంలో సుమారు 1,100 మందితో నడిచిన 'ఘోస్ట్ ఆర్మీ' అలాగే బయటపడింది. గాలి నింపిన రబ్బరు ట్యాంకులు, పెద్ద స్పీకర్లలో వినిపించే ట్యాంకుల చప్పుడు, ఉత్తుత్తి రేడియో సందేశాలు, వీటితో లేని సైన్యాన్ని ఉన్నట్టు చూపించి జర్మన్లను దారి తప్పించిన బృందం అది. చాలా వివరాలు 1990ల దాకా రహస్యంగానే ఉన్నాయి. 2013లో దాని మీద డాక్యుమెంటరీ వచ్చింది. ఆ సినిమా తీసినవాళ్ళు అక్కడితో ఆగకుండా గుర్తింపు కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. పతకానికి చట్టం 2022లో వచ్చింది, పతకం అందింది 2024 మార్చిలో. సినిమా ముందు, ప్రభుత్వం తర్వాత. డాక్యుమెంటరీల వల్ల ఏం ఒరుగుతుందని ఎవరైనా అంటే నేను ఈ తేదీలే చూపిస్తాను.

పేరే రాసుకోని కథలు వేరు. వాటికి తెరవడానికి ఫైలే ఉండదు.

పతకం ఎలా వస్తుందో ఒకసారి ఆలోచించండి. సైనికుడు సాహసం చేయాలి. దాన్ని ఎవరైనా చూడాలి. చూసినవాడు బతికి బయటపడాలి. పై అధికారి దాన్ని కాగితం మీద పెట్టాలి, ఆ కాగితం ఒక్కో మెట్టూ పైకెక్కాలి, ప్రతి మెట్టు దగ్గరా ఒకరు "సరే" అనాలి. ఈ గొలుసులో ఎక్కడ ఒక్క కొక్కెం ఊడినా సాహసం జరిగినట్టే ఉండదు. పై అధికారికి ఆ సైనికుడి రంగు మీదో జాతి మీదో చిన్నచూపు ఉంటే గొలుసు మొదట్లోనే తెగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన నల్లజాతి అమెరికన్ సైనికుల్లో ఒక్కరికి కూడా ఆ దేశపు అత్యున్నత పతకం మెడల్ ఆఫ్ ఆనర్ అప్పట్లో దక్కలేదు. యాభై ఏళ్ళ తర్వాత రికార్డులు మళ్ళీ తిరగేసి 1997 జనవరిలో ఏడుగురికి ఇచ్చారు. ఆ ఏడుగురిలో అందుకోవడానికి బతికున్నది ఒక్క వెర్నన్ బేకర్. మిగతా ఆరుగురి తరఫున వేరేవాళ్ళు అందుకున్నారు.

మన వైపు చూస్తే, బ్రిటిష్ ఇండియా సైన్యంలోని భారతీయ సైనికులకు బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ పొందే అర్హతే 1911 దాకా లేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఇక్కడి నుంచి సముద్రం దాటి వెళ్ళినవాళ్ళు పది లక్షలకు పైనే. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో తన సొంత చరిత్ర మీద ఒక నివేదిక బయటపెట్టింది. చనిపోయిన ప్రతి సైనికుణ్ణీ సమానంగా స్మరించుకోవాలన్నది ఆ సంస్థ పుట్టుకలోని మాట. తీరా చూస్తే మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆఫ్రికా, ఆసియా సైనికులు, కూలీల్లో కనీసం 1,16,000 మంది పేర్లు ఎక్కడా చెక్కలేదని, ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండవచ్చని అందులో ఒప్పుకున్నారు. రెండు అంకెల మధ్య తేడా ఎంతుందో చూడండి. ఎంతమందిని వదిలేశారో లెక్క తేల్చలేనంతగా వదిలేశారు. ఇలాంటివాళ్ళ మీద సినిమా తీయబోయే దర్శకుడికి పేరు లేదు, ఫోటో లేదు, మొదలుపెట్టడానికి ఒక్క వాక్యం కూడా లేదు.

అయినా కొన్నిసార్లు అనుకోని చోట ఆధారం మిగులుతుంది. 1914, 1915లో ఫ్రాన్స్‌లో పోరాడిన భారతీయ సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాల్ని సైన్యం సెన్సార్ వాళ్ళు విప్పి చదివేవాళ్ళు. ముఖ్యమనిపించిన ముక్కల్ని ఇంగ్లీషులోకి మార్చి నివేదికల్లో పెట్టేవాళ్ళు. ఉత్తరాలు చాలావరకు పోయాయి, నివేదికలు మాత్రం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అందులో మిరియాలు, మిరపకాయల ప్రస్తావన వస్తుంది. నల్లవి చాలావరకు అయిపోయాయి, ఇప్పుడు ఎర్రవి వాడుతున్నారు అని. వంట సామాను గురించి కాదు ఆ మాట. నల్లవి అంటే మన సైనికులు, ఎర్రవి అంటే తెల్లవాళ్ళు. సెన్సార్ కళ్ళు కప్పి ఇంటికి నిజం చేరవేయాలని ఆ సైనికుడు పడ్డ పాట్లు అవి. సెన్సార్ ఆ గుట్టు పట్టేసింది, పట్టేసింది కాబట్టే మనకు మిగిలింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బరువెక్కుతుంది.

ఇక ఎక్కువ వాదన జరిగేది "అసలు ఇది వీరత్వమేనా?" అన్న చోట.

1945 ఫిబ్రవరి. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ నగరం. అమెరికా సైన్యానికి చెందిన 6888వ సెంట్రల్ పోస్టల్ డైరెక్టరీ బెటాలియన్ అక్కడ దిగింది. 855 మంది మహిళలు, దాదాపు అందరూ నల్లజాతివాళ్ళే. వాళ్ళ కమాండర్ మేజర్ ఛారిటీ ఆడమ్స్‌కు అప్పటికి ఇరవై ఆరేళ్ళు. వాళ్ళ ముందున్నది గోదాముల్లో పైకప్పు దాకా పేరుకుపోయిన, సైనికులకు చేరని ఉత్తరాల గుట్టలు, సుమారు కోటీ 70 లక్షలు అని అంచనా. గోదాముల్లో చలి కాచుకునే ఏర్పాటు లేదు. విమానదాడుల భయంతో కిటికీలకు నల్లరంగు పూశారు కాబట్టి పగలు కూడా మసక వెలుతురే. ఇంటి నుంచి పంపిన కేకులు పాడైపోయి, ఆ పార్సిళ్ళ చుట్టూ ఎలుకలు.

ఉత్తరాలు పంచడం పెద్ద పనా అనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే తెలుస్తుంది. సైనికుడు ఒకచోట ఉండడు, వారానికో ఊరు మారతాడు. కవరు మీద కొన్నిసార్లు ముద్దుపేరు, దాని కింద "యు.ఎస్. ఆర్మీ" అని మాత్రమే ఉంటుంది. ఒక్క రాబర్ట్ స్మిత్ అనే పేరుతోనే 7,500 మంది ఉన్నారు. ఆ మహిళలు సుమారు 70 లక్షల కార్డులు తయారుచేసి, ఒక్కో సైనికుడికీ సైన్యం ఇచ్చిన నంబరు పట్టుకుని ఏ స్మిత్ ఎక్కడున్నాడో తేల్చారు. రోజుకు మూడు షిఫ్టులు, వారంలో ఏడు రోజులూ పని. ఒక్కో షిఫ్టులో 65,000 ఉత్తరాల దాకా తేల్చేవాళ్ళు. ఆరు నెలల్లో చేయమన్న పని మూడు నెలల్లో పూర్తిచేశారు. చనిపోయిన సైనికుడి పేరున వచ్చిన ఉత్తరాన్ని వెనక్కి పంపే పని కూడా వాళ్ళదే. తల్లి రాసిన ఉత్తరం చేతిలో ఉంది, కొడుకు లేడని కార్డు చెబుతోంది, ఆ తల్లికి ఇంకా ఆ కబురు చేరిందో లేదో తెలియదు. ఎనిమిది గంటల షిఫ్టులో అలాంటివి ఎన్ని వచ్చి ఉంటాయో ఒక్కసారి ఊహించండి.

యుద్ధం అయ్యాక వాళ్ళకు ఊరేగింపుల్లేవు. 2018లో స్మారకం వెలిసింది, 2019లో డాక్యుమెంటరీ వచ్చింది, 2022లో బంగారు పతకానికి చట్టం అయింది. ఇక్కడ ఎవరూ ఏదీ దాచలేదు. పని అందరి కళ్ళ ముందే జరిగింది. తుపాకీ పట్టనివాళ్ళు చేసింది వీరత్వం కాదన్న అలవాటే దాన్ని కనబడకుండా చేసింది. నర్సులు, వంటవాళ్ళు, స్ట్రెచర్ మోసినవాళ్ళు, రోడ్లు వేసిన కూలీలు, వీళ్ళ కథలు ఇంత ఆలస్యంగా రావడానికి కారణం కూడా అదే. ప్రదర్శన తర్వాత "మరి వాళ్ళు యుద్ధం చేయలేదు కదా" అని ఎవరైనా అంటే దాన్ని కొట్టిపారేయకండి, అక్కడే చర్చ నడవనివ్వండి. అసలు విషయం ఉన్నది ఆ ప్రశ్నలోనే.

చేసినవాళ్ళే చెప్పుకోలేదు అనే కారణం ఇంకొకటి ఉంది. సినిమాలకు ఇది చాలా ఇష్టమైన కారణం, ఎందుకంటే వినయం తెర మీద అందంగా ఉంటుంది. దీన్ని మాత్రం కొంచెం అనుమానంగా చూడాలంటాను.

నికోలస్ వింటన్ కథ చాలామందికి తెలుసు. లండన్‌లో షేర్ బ్రోకర్‌గా పనిచేసే ఆయన 1938 డిసెంబరులో చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్ వెళ్ళాడు. తర్వాతి నెలల్లో, 1939లో యుద్ధం మొదలయ్యేలోగా, ఎక్కువమంది యూదులే అయిన 669 మంది పిల్లల్ని నాజీల బారిన పడకుండా రైళ్ళలో బ్రిటన్ చేర్చే పనిలో పాలుపంచుకున్నాడు. యాభై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదని, 1988లో భార్యకు అటక మీద పాత ఆల్బమ్ దొరికితేనే బయటపడిందని చెబుతారు. ఆల్బమ్ సంగతి నిజమే. కానీ 1954లో ఆయన స్థానిక ఎన్నికల్లో నిలబడ్డప్పుడు ప్రచార కరపత్రంలో ఆ పిల్లల సంగతి రాసుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఎన్నికల్లో గెలవలేదు కూడా. ఆయన చెప్పలేదనడం కన్నా మనం వినలేదనడం సత్యానికి దగ్గర.

ఇంకో చిక్కు కూడా ఈ కథలోనే ఉంది. ప్రాగ్‌లో వింటన్ ఉన్నది మూడు వారాలు. అక్కడ శరణార్థుల పని ముందునుంచీ నడిపింది డోరీన్ వారినర్ అనే మహిళ. వింటన్ లండన్ వెళ్ళిపోయాక నాజీలు ప్రాగ్‌ను ఆక్రమించుకున్న రోజుల్లో కూడా అక్కడ నిలిచి పిల్లల్ని రైళ్ళెక్కించింది ట్రెవర్ చాడ్విక్ అనే టీచర్. 1988లో టీవీ కెమెరాలు వచ్చేసరికి వాళ్ళిద్దరూ బతికిలేరు. లండన్‌లో కూర్చుని పిల్లలకు అనుమతి పత్రాలు, ఒక్కొక్కరికీ ఒక ఇల్లు, 50 పౌండ్ల పూచీ సంపాదించడం చిన్న పని కాదు, ఆ గొప్పతనం వింటన్‌దే. మిగతావాళ్ళకు రావాల్సిన పేరు కూడా తనకే వస్తోందని ఆయనే బాధపడేవాడు. అయితే డాక్యుమెంటరీకి ఒక ముఖం కావాలి, బతికున్న ముఖమైతే మరీ మంచిది. తెలియనివాళ్ళను వెలుగులోకి తెస్తూనే సినిమా ఆ పక్కనున్న ఇద్దరిని మళ్ళీ చీకట్లోకి నెట్టేయగలదు.

లిథువేనియాలోని కౌనాస్‌లో 1940లో అచ్చంగా ఇలాగే జరిగింది. జపాన్ కాన్సుల్ చియునే సుగిహారా తన ప్రభుత్వం మాట కాదని, యూదు శరణార్థులకు రెండు వేలకు పైగా వీసాలు చేత్తో రాసిచ్చాడు. కానీ అవి జపాన్ మీదుగా ఇంకో దేశానికి వెళ్ళేందుకు ఇచ్చే వీసాలు. చివరికి ఏ దేశం వెళ్తారో చూపించాలి. ఆ గమ్యం కాగితం రాసిచ్చింది నెదర్లాండ్స్ గౌరవ కాన్సుల్ యాన్ జ్వార్టెండైక్. నెదర్లాండ్స్ పాలనలోని క్యురసావ్ దీవికి వెళ్ళడానికి వీసా అక్కర్లేదని రాసి, అక్కడి గవర్నరు అనుమతి కావాలన్న ముక్క కావాలనే వదిలేశాడు. ఒకరి కాగితం లేకపోతే రెండోవారి కాగితానికి విలువ తక్కువ. అయినా యూదుల్ని కాపాడినవాళ్ళకు ఇజ్రాయెల్ ఇచ్చే గుర్తింపు సుగిహారాకు 1984లో వచ్చింది, జ్వార్టెండైక్‌కు 1997లో, ఆయన పోయిన ఇరవై ఒక్క ఏళ్ళకు. అందుకే ఏ సినిమా చూసినా నేను మొదట అడిగేది ఒక్కటే: ఈయన పక్కన ఇంకెవరున్నారు?

తెర మీది బొమ్మల సంగతి కూడా చెప్పాలి. యుద్ధంలో కెమెరా పట్టుకున్నది ఎక్కువగా సైన్యమే, అదీ తను చూపించాలనుకున్నది తీయడానికే. గుర్తింపు లేని సాహసానికి ఫుటేజీ దాదాపు ఉండదు. అందుకని దర్శకులు అదే కాలానికి చెందిన వేరే దృశ్యాలు వాడతారు, లేదా నటులతో మళ్ళీ తీస్తారు. ఇది కొత్త పద్ధతేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధం మీద 1916లో వచ్చిన సినిమాను బ్రిటన్‌లో ఆరు వారాల్లో సుమారు రెండు కోట్లమంది చూశారు. అందులో సైనికులు కందకం దాటి పైకెక్కుతూ కూలిపోయే దృశ్యం జనాన్ని కన్నీళ్ళు పెట్టించింది. ఆ ముక్క మాత్రం అసలు యుద్ధంలో తీసింది కాదు, శిక్షణ ఇచ్చే చోట తీసింది. మిగతా చాలా దృశ్యాలు నిజమైనవే. మళ్ళీ తీసిన దృశ్యం ఉండటం తప్పు కాదు, ఏది అసలు, ఏది మళ్ళీ తీసింది అన్నది చెప్పకపోవడమే తప్పు. చివర్లో నడిచే పేర్ల పట్టీ ఆపకుండా చూడండి. ఏ ఆర్కైవ్ నుంచి ఏం తెచ్చారో చాలావరకు అక్కడే ఉంటుంది.

ఏ బొమ్మా లేని చోట గొంతు ఒక్కటే మిగలొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు చిక్కిన భారతీయ సైనికుల్ని బెర్లిన్ దగ్గర వున్స్‌డార్ఫ్ శిబిరంలో ఉంచారు. భాషల పరిశోధన కోసం వచ్చిన పండితులు వాళ్ళ మాటలు రికార్డు చేశారు. 1916 డిసెంబరులో మాల్ సింగ్ అనే పంజాబీ సైనికుడు పెద్ద గరాటులాంటి దాని ముందు నిలబడి నిమిషంపాటు మాట్లాడాడు. "నేను" అనలేదు. ఒక మనిషి ఉండేవాడు అని మొదలుపెట్టాడు. హిందుస్తాన్‌లో వెన్న తినేవాడు, ఇంగ్లీషువాళ్ళ కొలువులో చేరాడు, యూరప్ యుద్ధానికి వచ్చాడు, జర్మన్లకు దొరికిపోయాడు, ఇప్పుడు ఇంటికి పోవాలని ఉంది. నూరేళ్ళ తర్వాత కూడా ఆ గొంతు వినిపిస్తోంది. దాన్ని ఆధారం చేసుకుని 2007లో డాక్యుమెంటరీ తీసినప్పుడు దర్శకుడు తెరను చాలాచోట్ల నల్లగా వదిలేశాడు. బొమ్మ లేదని ఒప్పుకోవడం కూడా నిజాయితీయే.

ఇప్పుడు మీరే ఒక ప్రదర్శన పెడుతున్నారనుకోండి. అనుమతి సంగతి ముందు చూసుకోవాలి. ఇంట్లో చూడటానికి కట్టిన సబ్‌స్క్రిప్షన్ నలుగురికీ చూపించడానికి పనికిరాదు, బహిరంగ ప్రదర్శన హక్కు వేరు. దర్శకుడికో పంపిణీదారుకో మెయిల్ పెట్టి అడగండి, చిన్న బృందాలకు తక్కువ రుసుముకో ఉచితంగానో ఇచ్చేవాళ్ళు ఉంటారు. హింస, మరణాల దృశ్యాలుంటే ముందే చెప్పండి. యుద్ధం చూసొచ్చినవాళ్ళు, శరణార్థులుగా వచ్చినవాళ్ళు హాల్లో ఉండొచ్చు, మధ్యలో లేచి వెళ్ళినా ఎవరూ వింతగా చూడకుండా తలుపు దగ్గర కొన్ని కుర్చీలు ఖాళీగా ఉంచండి. సినిమా గంటన్నర అయితే చర్చకు కనీసం ముప్పావుగంట పెట్టుకోండి. హాలు అద్దె టైము అయిపోతోందని చర్చను కుదించడమే నిర్వాహకులు ఎక్కువగా చేసే పొరపాటు.

ఎందుకంటే ఇలాంటి చోటికి కొందరు ఉత్త చేతులతో రారు. తాతగారి ఫోటో ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వస్తారు. యూనిఫాం ఉంటుంది, భుజం మీద ఏదో చిన్న గుర్తు ఉంటుంది, వెనక పెన్సిలుతో నంబరు, ఒక ఊరి పేరు సగం చెరిగిపోయి ఉంటాయి. రికార్డుల్లోకి ఎక్కని మనిషికి ఇదొక్కటే ఆధారం కావచ్చు. దాన్ని ముందువైపు, వెనకవైపు రెండూ ఫోటో తీయండి. లామినేషన్ చేయించవద్దని చెప్పండి. ఆయన చెప్పిన తేదీ తప్పని మీకు తెలిసినా అక్కడికక్కడ దిద్దకండి, ఆయన మాటల్ని ఉన్నదున్నట్టు రికార్డు చేసుకుని తర్వాత రెజిమెంట్ యుద్ధ డైరీలతో, కామన్వెల్త్ సమాధుల సంస్థ జాబితాతో పోల్చి చూసుకోండి. నంబరు ఉంటే పని సగం అయినట్టే, 7,500 మంది రాబర్ట్ స్మిత్‌లను విడదీసింది ఆ నంబరే కదా.

ఈ ఫోటోలు తెచ్చినవాళ్ళు మైకు ఇస్తే మాట్లాడరు. అందరూ వెళ్ళేదాకా ఒక పక్కన నిలబడి ఉంటారు. అందుకని చర్చ ముగిశాక నిర్వాహకుల్లో ఒకరు ప్రొజెక్టరు సర్దే పని పెట్టుకోకుండా, చేతిలో నోట్‌బుక్‌తో మెట్ల దగ్గర ఉండాలి.